దిగువమెట్ట నుంచి అయిదో అర్జీ

గౌరవనీయులైన రైల్వే మంత్రి గారికి నమస్కారం.

మా ఊరి పాత రైలు లైను చరిత్రకు స్టేషన్‌లో ఒక గది, అది కుదరకపోతే కనీసం ఒక బోర్డు పెట్టించమని ఆరేళ్లుగా అడుగుతున్నాం. నాలుగు అర్జీల్లో ఏముందో తమరి కార్యాలయానికి తెలుసు కాబట్టి మళ్లీ మొదటి నుంచి రాయను. రశీదు నంబర్లు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మాకు దక్కినవి అవే.

ఆ పాత లైను మీది దొరబావి వంతెనను కాపాడమంటే, అది అడవిలో ఉంది, అటవీ వాళ్లను అడగమన్నారు. వాళ్లను అడిగితే, కట్టింది రైలు వాళ్లు కదా, వాళ్ల దగ్గరికే పొమ్మన్నారు. పులుల అడవి, పర్మిషన్ కావాలన్నారు, సరే. ఆ పర్మిషన్ ఎవరిస్తారో చెప్పమని అడిగితే అదీ పరిశీలనలో ఉందట! 1880ల్లో సదరన్ మరాఠా రైల్వే వాళ్లు ఈ నల్లమలలో కొండ తొలిచి, బొగద సొరంగం దాటించి, లోయ మీద వంతెన నిలబెట్టారు. వాళ్లకూ ఇన్ని టేబుళ్లు తిరగాల్సి వచ్చుంటే ఆ లైను ఇంకా కాగితాల మీదే ఉండేది.

మా నాయన కూపు కూలీ, అంటే అడవిలో చెట్లు కొట్టించే చోట పనిచేసేవాడు. టేకు, నల్లమద్ది దుంగల మీద అటవీ శాఖ సుత్తిముద్ర పడ్డాక ఎద్దుల బండ్ల మీద డిపోకి, అక్కడి నుంచి వ్యాగన్లలోకి. పెద్ద దుంగకు ఆరుగురు పట్టాలి. ఆయన ఎడమ భుజం మీద కాయ కాసింది, పోయేదాకా అలాగే ఉంది. 1990ల్లో పెద్ద లైను (బ్రాడ్ గేజ్) వచ్చినప్పుడు పట్టాల కింది పాత చెక్క స్లీపర్లు వేలం వేస్తే ఒకటి కొన్నాడు. ఇప్పుడది మా అరుగు పక్కన కూర్చునే దిమ్మె. మేకులు దిగిన చిల్లుల్లో మా మనవడు గోళీలు దాస్తాడు. మా ఊరి మ్యూజియం ప్రస్తుతానికి అదే సార్.

అమృత్ భారత్ అని పెద్ద స్టేషన్లకు లిఫ్టులు వేస్తున్నారు, సంతోషం. మాకు లిఫ్టు వద్దు. గది ఇవ్వండి, లేదా బోర్డు. అదీ కాకపోతే ఆ వంతెన ఎవరిదో ఒక్క ముక్క రాసి పంపండి.

చిన్న లైను (మీటర్ గేజ్) రోజుల్లో దుంగలెత్తిన వాళ్లు ఊళ్లో ముగ్గురే మిగిలారు. వాళ్లుండగానే ఎవరినైనా పంపండి, చెప్పింది రాసుకుంటారు. రైల్లో వచ్చేట్టయితే దిగువమెట్టలో ఆగే బండేదో ముందే కనుక్కోమనండి.

ఇట్లు,
ఒక కూపు కూలీ కొడుకు