నలభై రెండు రోజులు మా నాన్న మంచం పక్కన కూర్చున్న మీ అందరికీ

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

నాన్నను మొన్న శుక్రవారం ఇంటికి తీసుకొచ్చాం. కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది గానీ, ఏం కావాలో చెప్పగలుగుతున్నారు. మీకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్దామని మొదలుపెట్టాను. రెండో ఫోన్‌కే గొంతు పూడుకుపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పక్షవాతం వచ్చిన రోజు ఇంట్లో నేను ఒక్కదాన్నే. మా ఆయన కువైట్‌లో ఉన్నారు, అమ్మ పోయి ఆరేళ్ళయింది. తెల్లవారుజామున నాలుగింటికి పాస్టరయ్యగారికి ఫోన్ చేస్తే, ఇరవై నిమిషాల్లో మన సంఘంలోని ఆటో అన్న గేటు ముందు ఉన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క రాత్రి కూడా నన్ను ఒంటరిగా వదల్లేదు. యూత్ తమ్ముళ్ళు వంతులు వేసుకుని వచ్చారు. వీపు పుళ్ళు పడకూడదని రెండు గంటలకోసారి నాన్నను పక్కకు తిప్పాలి. నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, బరువు తక్కువేం కాదు. ఫోన్లో అలారం పెట్టుకుని, పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేచి, దుప్పటి అంచు పట్టుకుని చప్పుడు కాకుండా తిప్పేవాళ్ళు. ఫీజు కట్టడానికి నా దగ్గర డబ్బు చాలని రోజు కవరు చేతిలో పెట్టి "ఇది లెక్క రాయకమ్మా" అన్నవారికి పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలని ఉంది, కానీ మీరే వద్దన్నారు.

మీలో చాలామందికి తెలుసు, మా నాన్న విశ్వాసి కాదు. నేను బాప్తిస్మం తీసుకున్నాక రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు గానీ ఆ విషయం ఎత్తితే లేచి వెళ్ళిపోయేవారు. అది తెలిసీ మీరు వచ్చారు. నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే.

రెండో రాత్రి జరిగింది దాచకుండా రాస్తాను. నాన్న మూతి ఒక పక్కకు లాగేసి ఉంది, కళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు. డాక్టరు ఏ సంగతీ ఇరవై నాలుగు గంటలైతే గానీ చెప్పలేమన్నారు. నాకు టెన్షన్‌తో ఒళ్ళు వణుకుతోంది. నాన్న చెయ్యి పట్టుకుని చెవి దగ్గర "నాన్నా, యేసయ్యా అను. ఒక్కసారి అను నాన్నా, చాలు" అని మళ్ళీ మళ్ళీ అంటున్నాను. నాలుకే తిరగని మనిషిని. ఆయన కంటి చివర నీళ్ళు వచ్చాయి. నమ్మి వచ్చిన నీళ్ళు కావవి, నిస్సహాయత అని ఇప్పుడు అర్థమవుతోంది.

అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది మామ్మగారు. నలభై ఏళ్ళు బైబిల్ వుమన్‌గా, అంటే స్త్రీలకు వాక్యం చెప్పే సేవకురాలిగా, ఊరూరా తిరిగిన మనిషి. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, "తల్లీ, ఆ మాట ఆయన నోటి నుంచి లాగితే వచ్చేది కాదు. లూదియ హృదయం ఎవరు తెరిచారు? పౌలా?" అని అడిగింది.

పౌలు బోధ విని నమ్మిన స్త్రీ లూదియ. ఆమె సంగతి ఉన్న అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం నాకు కంఠతా వచ్చు. "ప్రభువు ఆమె హృదయము తెరచెను." పౌలు మాట్లాడాడు. తెరిచింది ప్రభువు. ఎన్నిసార్లు చదివానో, ఆ రెండు పనులూ ఇద్దరివని ఆ బెంచీ మీదే గట్టిగా తగిలింది.

దేవుని ఏర్పాటు గురించి నేనేమీ విననిదాన్ని కాదు. జగత్తు పునాది వేయబడకముందే ఆయన మనల్ని ఏర్పరచుకున్నాడని ఎఫెసీ పత్రికలో చదివి ఏడ్చినదాన్నే. కానీ ఏడేళ్ళుగా ఆ సత్యాన్ని నేను దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను. నాన్న కోపం అంటే భయం. "ఏర్పాటులో ఉంటే ఆయనే రప్పించుకుంటాడు కదా" అనుకుని నోరు మూసుకున్నాను. తీరా ప్రాణం మీదికొచ్చేసరికి, అంతా నా చేతుల్లోనే ఉన్నట్టు నాన్న నోరు తెరిపించబోయాను. ఈ రెండూ మామ్మగారితో చెప్పేశాను. ఆమె తిట్టలేదు. సంచిలోంచి బైబిలు తీసి, అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం తెరిచి నా ఒళ్ళో పెట్టింది.

కొరింథులో పౌలు భయపడుతున్నాడు. ప్రభువు రాత్రివేళ దర్శనంలో ఆయనతో "నీవు భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అంటాడు. ఎందుకు మాట్లాడాలో కూడా చెప్తాడు. "ఈ పట్టణములో నాకు బహు జనమున్నది." అప్పటికి ఆ జనంలో ఎక్కువమంది పౌలు మాట వినను కూడా వినలేదు. అయినా ప్రభువు వాళ్ళను నా జనం అంటున్నాడు. పౌలు సంచి సర్దుకోవడానికి ఆ మాట కారణం కాలేదు. ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించడానికి కారణమైంది. "నువ్వు పడుకోవడానికి వాడుకున్న మాటతోనే దేవుడు పౌలును లేపాడు చూడు" అంది మామ్మగారు. రోమా తొమ్మిదో అధ్యాయంలో ఏర్పాటు గురించి అంత గట్టిగా రాసిన చెయ్యే, పక్క అధ్యాయంలో "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అని రాసింది. పౌలుకు ఈ రెంటి మధ్య తగువు కనబడలేదు. నేనే పెట్టుకున్నాను.

మన తెలుగు నేలకు ఈ సత్యం కొత్తదేమీ కాదు. దేవుని ఏర్పాటును నిండుగా నమ్మిన ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లోని సెరంపూర్‌లో కూర్చుని 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చు వేయించాడు. దేవుడే రప్పించుకుంటాడులే అనుకునే మనిషైతే మన అక్షరాలకు అచ్చులు పోయించేవాడా? ఇక మన ఒంగోలు సంగతి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ మిషనరీలు జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. వాళ్ళ తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. తాళ్ళకొండపాడు పేరయ్యగారైతే, తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ, దొరలు తన ఊరు చూడకముందే దేవుణ్ణి వెతుకుతున్నాడు. ఆ ఊళ్ళో కూడా ప్రభువుకు జనం ఉన్నారు మరి.

ఆస్పత్రి రోజుల్లో నా మనసులో తిరిగింది మాత్రం ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా జనం మలమల మాడిపోతుంటే, క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. పలుగు పట్టినవాళ్ళు పనికి విరామం దొరికినప్పుడు మన బోధకుల దగ్గర వాక్యం విన్నారు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు! ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని ఆపేశాడు. సాయం పనులు ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు నిలబడి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ అంకె మనం సువార్త సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నాకు దానికి ముందు ఆగిన ఆ ఏడాదే ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. చేతిలో అన్నం ఉంది, ఎదురుగా ఆకలి ఉంది, తల ఊపించడం ఎంతసేపు? అయినా ఆగగలిగాడు. ఎంచుకునేది దేవుడే అని నమ్మినవాడికి మనిషిని కొనాల్సిన అవసరం ఉండదు. మీరు మా నాన్నకు చేసింది అచ్చంగా అదే. నలభై రెండు రోజుల్లో మీలో ఒక్కరు కూడా ఆయన బలహీనతను అదనుగా తీసుకోలేదు. "ప్రార్థన చేయమంటారా పెద్దాయనా" అని అడిగి, ఆయన తల అడ్డంగా ఊపితే, సరేనని కాళ్ళకు నూనె రాసి వెళ్ళారు. ఇంటికెళ్ళి చేసుకున్నారని నాకు తెలుసు.

ముప్పయ్యో రోజనుకుంటా, మామ్మగారు రాగి జావ చెంచాతో పోస్తోంది. కుడి పక్క నుంచి కారిపోతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టి, మళ్ళీ మింగేదాకా ఆగి, ఇంకో చెంచా. నాన్న గ్లాసు పక్కకు నెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ "మీరు... నన్నేం... అడగరేం?" అన్నారు. మామ్మగారు కొంగుతో ఆయన మూతి తుడిచి "అడగడానికి మేమెవరం నాయనా. వింటానంటే మాత్రం చెప్తాం. అది మా పని" అంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నావైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నారు.

ఏడేళ్ళ తర్వాత చెప్పాను. ఏమంత బాగా చెప్పలేదు. మధ్యలో ఏడ్చాను, వరస తప్పాను. నా పాపాలేమిటో, యేసయ్య నన్నెలా క్షమించాడో, సిలువ మీద ఏం జరిగిందో నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఫలితం నా మెడకు కట్టలేదని తెలిసినందుకేమో, జీవితంలో మొదటిసారి భయం లేకుండా చెప్పాను. మామ్మగారూ, ఆ ధైర్యం మీరిచ్చిందే.

అప్పటి నుంచి రోజుకో అధ్యాయం లూకా సువార్త చదువుతున్నాను. నాన్నే అడుగుతున్నారు. నమ్మానని అనలేదు, నేనూ అడగలేదు. నిన్న పదిహేనో అధ్యాయం అయింది. తప్పిపోయిన కొడుకు కథ అవగానే "ఆ పెద్దోడు... చివరికి... లోపలికెళ్ళాడా?" అన్నారు. "రాయలేదు నాన్నా. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు, అంతవరకే ఉంది" అన్నాను. కళ్ళు మూసుకుని "రేపు మళ్ళీ అదే చదువు" అన్నారు.

ఆయన కోసం ప్రార్థన ఆపకండి. మధ్యాహ్నం మూడు తర్వాత మెలకువగా ఉంటారు, వచ్చి కూర్చుంటే సంతోషిస్తారు. ఆటో అన్న గురించి రోజూ అడుగుతున్నారు. ఇంకో మాట, మా ఇంట్లో మీ స్టీలు క్యారియర్లు మూడు, ఒక ఫ్లాస్కు, నీలం అంచు దుప్పటి ఉన్నాయి. కడిగి, ఉతికి పెట్టాను. ఆదివారం మందిరానికి తెస్తాను. ఎవరివో చూసి తీసుకోండి.