చదువు రొట్టె పక్కనే ఒక పలక

సంపాదకుల వారికి,

నమస్కారం. కిందటేడు రొట్టెల పండుగకి మన నెల్లూరు దర్గామిట్ట వెళ్లినప్పుడు స్వర్ణాల చెరువులో ఒక పెద్దావిడ పక్కనే నిలబడ్డాను. కొంగు నెత్తిన కప్పుకొని, మోకాలి లోతు నీళ్లలో, చదువు బాగా రావాలని కోరుకునే వాళ్లు పట్టే చదువు రొట్టె అందుకుంటోంది. మనవడి పదో తరగతి కోసమట. "మరి నీకో?" అన్నాను వేళాకోళంగా. "నాకెందుకబ్బయా, ఈ వయసులో" అని నవ్వి రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. గట్టెక్కాక కొంగు ముడి విప్పి, నాలుగు మడతల చీటీ తీసి, ఏ బస్సెక్కాలో ఇందులో రాసుంది కాస్త చూడమంది. చీటీ తడిసింది. ఊరి పేరు తెలుస్తోంది గానీ మిగతాది అలుక్కుపోయింది. ఊరి పేరైతే ఆమె నోటితోనే చెప్పగలదు. ఆమెకు కావాల్సింది బస్సు నుదుటి మీద ఆ పేరు కనబడితే గుర్తుపట్టడం.

ఆ పక్కనే ఒక శాఖ వాళ్లు డేరా వేసి కరపత్రాలు పంచుతున్నారు. వయోజనులంతా చదువుకోవాలని రెండు వైపులా చిన్నచిన్న అక్షరాలతో అచ్చేసి ఉంది. చదవడం రాని వాళ్లకు చదువుకోమని కాగితం! ఆమె కూడా ఒకటి తీసుకుంది. మిగిలిన రొట్టె అందులో చుట్టి సంచిలో పెట్టుకుంది. కాగితానికి అంతకన్నా మంచి ఉపయోగం నాకూ తోచలేదు.

నేను కోరేది చిన్న పని. ఐదు రోజుల పండుగలో, చెరువు గట్టు మీద, పెద్దవాళ్ల కోసం అరగంట పాఠాలు పెట్టండి. పైసా తీసుకోవద్దు, పేరు నమోదు అడగొద్దు, ఆధార్ అడగొద్దు. కూర్చుంటే కూర్చున్నట్టు, మధ్యలో లేస్తే లేచినట్టు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే అరచేతిలో ఒక చుక్క వేసుకుంటాం గానీ గిన్నెడు తాగం కదా. చదువు విషయంలో మాత్రం మొదటి రోజే గిన్నె మొత్తం ముందు పెడతాం.

ఈ మాట ఊరికే అనడం లేదు. పెద్దవాళ్లకు చదువు నేర్పే సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో, 1991లో, కోవూరు వైపు ఒక పల్లెలో రాత్రి బడి వాలంటీరుగా పనిచేశాను. మూడు వాచకాలు, 200 గంటలు అని మాకు చెప్పారు. మేమూ బుద్ధిగా ఆ మాటే ఊళ్లో చెప్పాం. 200 గంటలనగానే సగం మంది రాలేదు. పొద్దుట్నుంచీ నాట్లేసి వచ్చిన మనిషికి అది ఏడాది శిక్షలాగా వినిపించి ఉంటుంది. వచ్చిన వాళ్లు కూడా 200 గంటల కోసం రాలేదు. మొదటి రాత్రి లాంతరు వెలుగులో ఒకామె పలక మీద తన పేరు తాను రాసుకొని, చెరిపేస్తే పోతుందేమోనని ఆ పలక అలాగే ఒళ్లో పెట్టుకొని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు మా దగ్గర ఒక పలక తక్కువైంది, ఆమె వెంట నలుగురు ఎక్కువొచ్చారు.

ఆ బళ్లలోంచి ఏం పుట్టిందో ఈ జిల్లాకి వేరే చెప్పాలా? వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన ఇంటి కథ చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్న ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి నడిచారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అంతటి జిల్లాలో, చదువు పేరు మీద రొట్టెలు మార్చుకునే పండుగలో, పెద్దవాళ్ల చదువుకి మనం కేటాయించింది ఒక కరపత్రం.

డేరా ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. చెరువులోకి దిగే దారిలో వద్దు. అప్పుడు అందరి మనసూ రొట్టె మీద, పిల్లల చేతుల మీద ఉంటుంది. స్నానం చేసి, దర్గా చూసుకొని, బట్టలు ఆరబెట్టుకుంటూ బస్సు కోసం కాచుకునే వేళ ఒకటుంది, మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా. ఊరికే కూర్చునే సమయం పల్లె ఆడవాళ్లకు ఏడాదిలో దొరికేది ఆ కాసేపే. తాత్కాలిక బస్టాండు పక్కన నీడ, నీళ్లు ఉన్నచోట చాప పరిస్తే చాలు. బల్లలు, మైకు వద్దు. మైకులో పిలిస్తే ఎవరూ రారు, చదువు రాదని నలుగురికీ తెలిసిపోతుందని.

పాఠం అ ఆ లతో మొదలుపెట్టకూడదు. ముందు ఆమె పేరు. తర్వాత ఆమె ఎక్కాల్సిన బస్సు. కావలి, కలిగిరి అని రెండు అట్టముక్కల మీద పెద్దగా రాసి పక్కపక్కన పెట్టండి. రెండూ 'క' తోనే మొదలు. ఒకదానికి దీర్ఘం ఉంది, ఇంకోదానికి లేదు. ఆ ఒక్క తేడా పట్టుకున్నారంటే ఆ సాయంత్రం బోర్డు చూసి బస్సెక్కుతారు. మగవాళ్లయితే ఎక్కువమంది ఫోన్లో డబ్బు పంపడం నేర్పమంటారు. యాభై వేయబోయి ఐదొందలు వేసిన వాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. సున్నాలు లెక్కపెట్టి, పైన వచ్చిన పేరు సరిచూసి, ఆ తర్వాతే పిన్ను కొట్టడం నేర్పడానికి అరగంట ఎక్కువే. ఏడో, ఎనిమిదో చదివి మానేసిన వాళ్లు వస్తే ఓపెన్ స్కూల్లో పదో తరగతి ఎలా రాయొచ్చో చెప్పడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆ దారి ఉందని తెలియని వాళ్లు నేననుకున్నదానికన్నా ఎక్కువమంది.

అరగంటలో ఏం వస్తుందండీ అంటారు. ఏమీ రాదు. చేతిలోకి బలపం వస్తుంది, అంతే. ఆ బలపం పట్టుకోవడానికే నలభై ఏళ్లు సిగ్గుపడిన మనుషులు వీళ్లు. పుణ్యానికి వచ్చినచోట బడేమిటని ఇంకొందరంటారు. రోగం తగ్గాలని ఆరోగ్య రొట్టె పట్టుకునే చోటే వైద్య శిబిరం పెడుతున్నాం, ఎవరికీ తప్పనిపించలేదు. ఇది అలాంటిదే.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే. పండుగ అయిన మర్నాడు డేరాతో పాటు ఇదీ ఎత్తేస్తారు. అధికారి ఒక పెద్దావిడ చెయ్యి పట్టి అక్షరం దిద్దిస్తున్న ఫొటో మీ పత్రికలో కూడా వస్తుంది. దయచేసి వెయ్యకండి. ఆమె ఊళ్లో ఆ ఫొటో చూసి నవ్వుతారు, ఆమె ఇంక బలపం ముట్టదు. దానికి బదులు, మళ్లీ రావాలనుకున్న మనిషిని అక్కడికక్కడే ఆమె ఊరిలో నేర్పేవాళ్లతో కలపాలి. కేంద్రం 2022-27కి తెచ్చిన ఉల్లాస్ కార్యక్రమంలో ఆ ఏర్పాటు ఉంది. 15 ఏళ్లు దాటి చదువు రాని వాళ్లను ఆప్‌లో చేర్చి, స్వచ్ఛందంగా నేర్పే వాలంటీరుతో జత చేస్తారు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 మార్కుల చొప్పున 150కి పరీక్ష. పేరు నమోదు వద్దని పైన నేనే అన్నాను కదా. పాఠానికి ముందు వద్దన్నాను. తర్వాత ఆమె అడిగితే రాసుకోండి.

2011 జనాభా లెక్కల్లో అప్పటి మన రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 60 శాతం లోపే. తర్వాతి లెక్క వచ్చేదాకా ఆగి మాట్లాడదామంటే ఆ చీటీ పట్టుకున్న పెద్దావిడకి ఎన్నేళ్లొస్తాయో.

నేర్పేవాళ్లకేం కొదవ లేదు. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ఊరు నిండా కాలేజీలున్నాయి, ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏటా పండుగలో క్యూల దగ్గర నిలబడుతూనే ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లల్ని పాతికమందిని ఎంచి, ముందుగా రెండు రోజులు పాత వాలంటీర్ల దగ్గర కూర్చోబెడితే చాలు. ఈ పండుగ పద్ధతి కూడా అదే కదా. కిందటేడు రొట్టె తీసుకొని కోరిక తీరిన వాళ్లే ఈ ఏడు అదే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఈసారి చాప మీద కూర్చున్న వాళ్లలో ఒక్కరు పైయేడు బలపం పట్టించడానికి వచ్చినా, నగరపాలక సంస్థ పెట్టిన ఖర్చు గిట్టినట్టే.

ఖర్చంటే చాపలు, పలకలు, బలపాలు. పలకలు ఒక పాతిక నేనే కొనిస్తాను, పోయినవి పోగా. ఐదు రోజులూ మధ్యాహ్నం పూట వచ్చి కూర్చుంటాను కూడా. మోకాళ్లు నొప్పి, కింద కూర్చోలేను. నాకు మాత్రం ఒక స్టూలు వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
నెల్లూరు