గ్రీన్ల మీద ఏ ఇసుక పడితే ఆ ఇసుక చల్లవద్దు

సంపాదకులకు నమస్కారం.

గోల్ఫ్ మైదానంలో గ్రీన్ల మీద, అంటే బంతిని గుంటలోకి దొర్లించే నున్నటి పచ్చిక జాగాల మీద, ఇసుక చల్లిన ప్రతిసారీ బంతి సరిగా దొర్లడం లేదని, నిక్షేపంలాంటి పచ్చికను పాడుచేస్తున్నారని ఆటగాళ్లు ఫిర్యాదు చేయడం, హైదరాబాదులో పచ్చిక సంరక్షణ పనిలో ఉన్నన్నాళ్లూ చూశాను. ఆ మాటలకు వెరచి ఇసుక మానేయడం తప్పే. చౌకగా దొరికిందని ఏదో ఒక ఇసుక తెచ్చి పోయడం అంతకంటే పెద్ద తప్పు.

రోజూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించే బెర్ముడా గడ్డి ఎండల్లోనూ వానల్లోనూ జోరుగా పెరుగుతూ, చచ్చిన కాడలతో, వేళ్లతో నేల మీద స్పాంజిలాంటి పొరను పేరుస్తుంది. అది నీటిని పట్టి ఉంచి, తెగుళ్లకు తావిస్తుంది. ఆ పొర సందుల్లోకి దిగి గాలికీ నీటికీ దారి చేసేది ఇసుకే. అందుకే పలచగా, తరచుగా చల్లాలి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు అర మిల్లీమీటరు మందాన పావు ఘనపు మీటరు, అంటే సుమారు 400 కిలోల పొడి ఇసుక చాలు. బ్రష్షుతో లోపలికి దించి నీరు పెడితే కొద్ది రోజుల్లో కంటికి కనిపించదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని చూసుకున్న ఓల్డ్ టామ్ మోరిస్ నమ్ముకున్నదీ ఇసుకనే.

చిక్కంతా ఎంపికలో ఉంది. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో తొలిసారి ప్రచురించి, తర్వాత సవరిస్తూ వచ్చిన సిఫారసుల ప్రకారం, గ్రీన్ కింద వేళ్లు పాకే పొరలో కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి. బంకమన్ను 3 శాతం దాటరాదు. రాయిని నలగ్గొట్టి చేసే రోబో శాండ్‌లో సన్నటి రాతిపొడి కొంత ఉన్నా కాంక్రీటుకు ఇబ్బంది లేదు గానీ, గ్రీన్‌లో ఆ పొడే నీరు దిగే దారులను పూడ్చేస్తుంది.

నేను పనిచేసిన ఒక మైదానంలో ఒక ఏడాది కడగని రోబో శాండ్, మరుసటి ఏడాది ఏటి ఇసుక చల్లించారు. రెండు వానాకాలాలు గడిచాక గొట్టం దింపి మట్టి తీసి చూస్తే, మధ్యలో బూడిదరంగు పొర అడ్డుగా ఉంది. దాని మీద నీరు నిలిచి మట్టి నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన వేసింది. వేళ్లు ఆ పొర దగ్గరే ఆగిపోయాయి. పైన గడ్డి ఇంకా పచ్చగానే ఉన్నందున నా మాట ఎవరూ నమ్మలేదు. ఆ బాధ నాకు నేటికీ తగ్గలేదు.

మైదానాల కమిటీలకు నా విన్నపం ఒక్కటే. గ్రీన్ కట్టినప్పుడు వాడిన ఇసుక నమూనాను భద్రపరచి, కొత్త ఇసుక కొనే ముందు జల్లెడ పరీక్ష చేయించి దానితో పోల్చండి. లారీ దించకముందే గాజు సీసాలో గుప్పెడు ఇసుక, నీళ్లు పోసి కుదిపి, కాసేపు ఆగి పైన పేరుకున్న బురదను చూసినా మోసం చాలావరకు బయటపడుతుంది. తడి ఇసుక చల్లే యంత్రంలో ముద్ద కడుతుంది గనుక, ఏడాదికి సరిపడా సరుకును తొలకరికి ముందే తెప్పించి రేకుల కప్పు కింద నిల్వ చేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత మైదాన పర్యవేక్షకుడు,
హైదరాబాదు