ఆ పన్ను ఎవరు చేశారో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి సార్: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక డెంటల్ టెక్నీషియన్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో ఒక డెంటల్ ల్యాబ్‌లో సిరామిక్ పని చేస్తాను. డాక్టరును కాను. రూట్ కెనాల్ అయిన పంటి మీద డాక్టర్లు పెట్టే క్యాపులు, ఊడిపోయిన పళ్ల చోట కట్టే బ్రిడ్జీలు తయారు చేస్తాను. 22 ఏళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నేను చేసిన వేల పళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో జనం నోళ్లలో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ నేను చేసినట్టు ఏ కాగితం మీదా లేదు. నాకు పేరు మీద మోజు లేదు సార్. కానీ చేసినవాడెవడో, దేంతో చేశాడో ఎక్కడా రాసి లేకపోవడం వల్ల మా ఊపిరితిత్తులూ పాడవుతున్నాయి, రోగి నోటికీ హాని జరుగుతోంది. ఆ మాట మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మా పని తలుపు వెనక జరిగేది కాబట్టి ముందు దాన్ని కొంచెం చెప్పనివ్వండి.

భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, పరకాల క్లినిక్‌ల నుంచి మాకు కొలతలు ఎక్కువగా ఆర్టీసీ పార్సిల్‌లో వస్తాయి. చిన్న డబ్బా, అందులో పుట్టీతో తీసిన పళ్ల అచ్చు, ఒక చీటీ. చీటీ మీద రోగి పేరు, పంటి నంబరు, రంగు: ‘46, మెటల్ సిరామిక్, ఏ3’. అంటే కుడివైపు కింది దవడలో మొదటి పెద్ద నములుడు పన్ను. అచ్చులో స్టోన్ అనే గట్టి జిప్సం పిండి కలిపి పోసి మోడల్ తీస్తాం. డాక్టరు అరగదీసిన పన్నును మోడల్ నుంచి విడిగా కోసి, దాని మీద మైనంతో లోపలి చట్రాన్ని చెక్కుతాం. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో మైనం వేళ్ల మధ్యే మెత్తబడి వంగిపోతుంది. అందుకే ఎండాకాలం ఆ పని పొద్దు ఎక్కకముందే ముగించుకుంటాం. చెక్కిన మైనాన్ని రింగులో నిలబెట్టి, ఇన్వెస్ట్‌మెంట్ అనే పిండి కలిపి పోస్తాం. అది గట్టిపడ్డాక 900 డిగ్రీల దాకా కాలిస్తే మైనం ఆవిరైపోయి పంటి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన నికెల్ క్రోమియం లోహాన్ని పంపిస్తాం. ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా అనే ఇత్తడి బొమ్మలు పోసేది కూడా ఇలా మైనం కరిగించే పద్ధతిలోనే. వాళ్ల బొమ్మ కన్నా మా బొమ్మ చిన్నది, అంతే. చట్రం మందం చాలా చోట్ల 0.3 మిల్లీమీటర్లే.

ఆ తర్వాత సిరామిక్. లోహం నలుపు బయటికి కనిపించకుండా ముందు ఓపేక్ పొర వేస్తాం. దాని మీద డెంటిన్ పొడి, కొస వైపు ఎనామెల్ పొడి, ద్రవంలో కలిపి సన్న కుంచెతో పొర మీద పొర పెట్టుకుంటూ వస్తాం. ఫర్నేస్‌లో గాలి తీసేసి 900 డిగ్రీలకు అటూ ఇటూ కాలుస్తాం. కాలినప్పుడు సిరామిక్ బాగా కుంచించుకుపోతుంది, కాబట్టి పన్నును కావలసిన సైజు కన్నా పెద్దదిగా కట్టాలి. చల్లారేటప్పుడు లోహమూ సిరామిక్కూ దాదాపు ఒకే తీరుగా ముడుచుకోవాలి, లేకపోతే పగులుతుంది. పింగాణీలో ల్యూసైట్ అనే ఖనిజం పాళ్లు సరిచేసి ఆ రెంటినీ కలపడం కుదిరాక, 1962లో అమెరికాలో దానికి పేటెంట్లు వచ్చాయి. ఈ రోజు మన ఊరి కూలీ మనిషి పెట్టించుకునే మెటల్ సిరామిక్ క్యాపు ఆ దారిలో వచ్చిందే.

అన్నిటికన్నా కష్టం రంగు. పంటి రంగు పోల్చి చూడటానికి మేము వాడే షేడ్ గైడ్‌లో 16 రంగులు ఉంటాయి. మనుషుల పళ్లకు 16 రంగులు ఏ మూలకూ చాలవు. ఒకే పన్ను చిగురు దగ్గర పసుపుగా, కొస దగ్గర నీలి గాజులా ఉంటుంది. జర్దా మరకలు, ఫ్లోరైడ్ మచ్చలు, వయసుతో వచ్చే సన్న గీతలు అన్నీ చూడాలి. మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నూలు రంగు కలిసిందో లేదో ఎప్పుడూ ట్యూబ్‌లైట్ కింద చూసేవాడు కాదు, కండె పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాడు. నేనూ అంతే, షేడ్ అనుమానంగా ఉంటే రోగిని ల్యాబ్ గుమ్మం దాకా పిలిపించి పగటి వెలుతురులో చూస్తాను. ఒకసారి పెళ్లి వారం ఉందనగా బండి మీద నుంచి పడి ముందు పన్ను సగం విరిగిన అమ్మాయి వచ్చింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. ఆ పన్ను మూడుసార్లు కాల్చాను. మూడోసారి పక్క పంటి మీద ఉన్న సన్నని తెల్ల మచ్చ కూడా కుంచెతో దింపాను. పెట్టిన తర్వాత ఏది సొంత పన్ను, ఏది నేను చేసింది అని వాళ్ల అమ్మ వేలితో వెతికింది. ఈ పనిలో ఇలాంటి రోజులు ఉన్నాయి కాబట్టే 22 ఏళ్లు నిలబడ్డాను.

ఇక దుమ్ము సంగతి.

నాకు పని నేర్పిన ఉస్తాద్ 30 ఏళ్లు ఈ బల్ల ముందు కూర్చున్నాడు. పొడి దగ్గు మొదలైంది, మనిషి సన్నబడ్డాడు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగాడు, తగ్గలేదు. మళ్లీ మొదలుపెట్టారు. చివరికి ఇంకో చోట ఒక ఛాతీ డాక్టరు ‘ఏం పని చేస్తావు?’ అని అడిగాడు. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. పళ్ల ల్యాబ్ అని చెబితే, లోపల ఏం చేస్తారో ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని సిలికోసిస్ అన్నాడు, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. కరీంనగర్ గ్రానైట్ క్వారీలో పనిచేసే మనిషి దగ్గుతూ వస్తే డాక్టరుకు రాతి దుమ్ము గుర్తొస్తుంది. తెల్ల కోటు వేసుకుని కుంచె పట్టుకునేవాడు అదే దుమ్ము మింగుతున్నాడని ఎవరికి తడుతుంది? ఉస్తాద్ ఇప్పుడు ఇంటి మెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు.

ఆ దుమ్ము ఎక్కడిదో చెబుతాను. రింగులో పోసే ఇన్వెస్ట్‌మెంట్ పిండిలో క్వార్ట్జ్, క్రిస్టోబలైట్ ఉంటాయి. రెండూ సిలికానే, అంటే ఇసుకలో, రాతి దుమ్ములో ఉండేదే. పోత అయ్యాక రింగును సుత్తితో పగలగొట్టి క్యాపును బయటికి తీస్తాం. ఆ ఐదు నిమిషాలు గదంతా తెల్లగా పొగలా లేస్తుంది. తర్వాత అల్యూమినియం ఆక్సైడ్ ఇసుకను గాలితో కొట్టి లోహాన్ని గరుకు చేస్తాం. హ్యాండ్‌పీస్‌తో నికెల్ క్రోమియాన్ని అరగదీస్తాం. అదంతా ముక్కుకు జానెడు దూరంలో జరిగే పని. కొన్ని చవక లోహాల్లో పోత సులువుగా దిగడానికి బెరీలియం కలుపుతారు. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు వేరే జబ్బు వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డెంటల్ లోహంలో బెరీలియం 0.02 శాతం దాటకూడదు. డబ్బా మీద ఏం రాసి ఉందో చూడకుండా, కిలో ధర ఒక్కటే చూసి కొనే ల్యాబులు నాకు తెలుసు. సిలికోసిస్ ఒకసారి వచ్చిందంటే వెనక్కి పోదు. పైగా అది ఉన్నవాళ్లకు టీబీ పట్టుకోవడం ఇంకా తేలిక. ఉస్తాద్‌కు ఏది ముందు వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

దీన్ని ఆపడానికి కోట్లు అక్కర్లేదు సార్. రింగును నీళ్లలో తడిపి పగలగొడితే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ప్రతి బల్లకూ దుమ్ము లాగే సక్షన్, సరైన మాస్కు, బెరీలియం లేని లోహం ఉంటే చాలు. నేను పనిచేసిన ల్యాబుల్లో బల్లకు సక్షన్ ఉన్నది ఒక్కటే. మిగతావన్నీ షట్టర్ గదులు. పొడి ఎగిరిపోతుందని కిటికీ కూడా మూసే ఉంచుతారు. ఓనర్లందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. క్యాపు రేటు దగ్గర క్లినిక్ బేరం ఆడుతుంది, క్లినిక్ దగ్గర రోగి బేరం ఆడతాడు, ఆ బేరం చివరికి సక్షన్ మోటారు మీద వచ్చి పడుతుంది. ఎవరో ఒకరు ‘ఇది ఉండాల్సిందే’ అని చెప్పేదాకా అది కొనరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఐదారుగురు కూర్చుని పనిచేసే మా గది ఫ్యాక్టరీ లెక్కలోకే రాలేదు.

రోగి మాట కూడా చెప్పాలి. రెండేళ్ల కింద పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక అక్క వచ్చింది. క్యాపు పెట్టిన చోట చిగురు ఎర్రగా వాచి రక్తం కారుతోంది. ఎన్ని మందులు వాడినా తగ్గడం లేదు. డాక్టరు నాకు ఫోన్ చేసి, ఇందులో ఏ లోహం ఉందో చెప్పగలవా అని అడిగాడు. ఆ క్యాపు నేను చేసింది కాదు. ఎవరు చేశారో ఆమెకు తెలియదు, పెట్టిన క్లినిక్‌లో కూడా రాసి లేదు. మాటల్లో మాటగా గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడతాయని చెప్పింది. గిల్టు నగల్లో తరచూ నికెల్ ఉంటుంది, అందుకే ఆమెకు నికెల్ పడటం లేదేమోనని డాక్టరుకు అనుమానం వచ్చింది. క్యాపు కోసి తీసేసి, నికెల్ లేని జిర్కోనియా అనే తెల్లటి సిరామిక్‌ది పెట్టాక కొన్ని వారాల్లో చిగురు కుదుటపడింది. డబ్బాలో నాలుగు మాటల చీటీ ఉండి ఉంటే ఆ అక్కకు అన్ని నెలలు నొప్పి, అంత ఖర్చు తప్పేవి.

జిర్కోనియాకు వారంటీ కార్డు వస్తుంది సార్, కంపెనీ పేరుతో సహా. స్కానర్‌తో కొలిచి, మిషన్ మీద పెద్ద సైజులో చెక్కి, 1500 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి అసలు సైజుకు దింపే ఆ పన్ను ఖరీదైనది. అది పెట్టించుకునే వాళ్ల చేతిలో కాగితం ఉంటుంది. మిర్చి కోతకు పోయి కూడబెట్టిన డబ్బుతో మెటల్ సిరామిక్ పెట్టించుకునే మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఇది నాకు సరిగా అనిపించదు.

1948 దంతవైద్యుల చట్టంలో ‘డెంటల్ మెకానిక్’ అనే మాట ఉంది. మాకూ ఒక రిజిస్టరు ఉండాలని ఆ చట్టం రాసినవాళ్లు అప్పుడే అనుకున్నారు. 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. ఇన్ని చట్టాలు వచ్చినా నాలాగా ఉస్తాద్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు ఏ రిజిస్టరులోనూ లేడు. డెంటల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. అప్పటికే ఇల్లు నడుపుతున్నవాడు పని మానేసి హైదరాబాద్ పోయి చదవగలడా? ఆరోగ్య విశ్వవిద్యాలయం కాళోజీ గారి పేరుతో మా వరంగల్‌లోనే ఉంది. అక్కడి నుంచి, ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు సాయంత్రం పూట చిన్న కోర్సు, తెలుగులో పరీక్ష, అందులో సగం మార్కులు చేతి పనికి పెట్టి మమ్మల్ని రిజిస్టరు చేయించండి. ఒక మైనం చట్రం, ఒక పోత, ఒక సిరామిక్ పన్ను మా చేత చేయించి చూడండి. పని రానివాడు అక్కడే తెలిసిపోతాడు.

రిజిస్ట్రేషన్ అనగానే మావాళ్లకే టెన్షన్. అధికారులు వచ్చి షట్టరు మూయిస్తారని భయం. అందుకే ముందు గడువు ఇవ్వాలని అడుగుతున్నాను. పేరు నమోదు చేసుకున్న ల్యాబుకు సక్షన్ పెట్టుకోవడానికి ఏడాది సమయం ఇవ్వండి. టెక్నీషియన్లకు ఏడాదికోసారి వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించండి. మాలో కొందరు డాక్టరు లేకుండా నేరుగా మనుషుల నోట్లో పళ్లు పెడుతున్నారు. అది తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ ఎవడు టెక్నీషియనో రాసి ఉన్నప్పుడే ఎవడు హద్దు దాటాడో పట్టుకోవడం కుదురుతుంది. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో కడుతున్న 24 అంతస్తుల ఆసుపత్రిలో ఒక మంచి డెంటల్ ల్యాబ్‌కు రెండు గదులు కేటాయిస్తే, దుమ్ము లేకుండా ఈ పని ఎలా చేయాలో మేమందరం చూసి నేర్చుకునే చోటు ఒకటి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది చీటీ. దానికి బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి క్యాపు వెంట ఏ ల్యాబ్, ఎవరు చేశారు, ఏ లోహం, ఏ సిరామిక్, బ్యాచ్ నంబరు, తేదీ రాసిన కాగితం తెలుగులో రోగి చేతికి అందాలి. పోయిన నెల నుంచి నేనే సొంతంగా డబ్బాలో అలాంటి చీటీ పెట్టడం మొదలుపెట్టాను. కొందరు డాక్టర్లు దాన్ని రోగికి ఇస్తున్నారు. ఒక డాక్టరమ్మ ఫోన్ చేసి మంచి పని అన్నారు. కొన్ని క్లినిక్‌ల నుంచి మాత్రం ఖాళీ డబ్బాలు తిరిగి వచ్చినప్పుడు ఆ చీటీలు మడత కూడా విప్పకుండా అందులోనే ఉంటున్నాయి. మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ వస్తే అవి రోగి దాకా చేరుతాయి.

ఇట్లు,
ఒక డెంటల్ టెక్నీషియన్,
హనుమకొండ