స్ప్రేయరుకు కిలోమీటర్ల మీటరు ఉండదు, మంత్రి గారూ!

కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

గుంటూరులో ఏటుకూరు రోడ్డు పక్కన చిన్న షెడ్డు పెట్టుకుని, పొలాల్లో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చిన్న జనరేటర్లు బాగుచేస్తుంటాను. మావైపు రైతులు తైవాన్ స్ప్రేయరు అంటారే, ఆ మిషన్ల మీదే నా బతుకు సగం. చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ఇథనాల్ అనే సారాను ఇరవై శాతం కలిపిన ఈ20 పెట్రోలు గురించి మీకు నేను వివరించనక్కర్లేదు. ఎందుకు తెచ్చారో, ఎంత త్వరగా తెచ్చారో దేశమంతా విన్నది. 2030కి అనుకున్న లక్ష్యాన్ని 2025లోనే చేరుకున్నందుకు అభినందనలు. మా అర్జీలకు మాత్రం ఆ వేగంలో నాలుగో వంతు కూడా దక్కలేదు. ఈ పెట్రోలుతో చిన్న ఇంజన్లు పాడవుతున్నాయి, ఇథనాల్ కలపని పెట్రోలు ఇప్పించండి అని ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును ‘మీ సూచన నమోదు చేసుకున్నాం’ అని మూసేశారు. నేను చేసింది సూచన కాదు, ఫిర్యాదు. రైతులను వెంటబెట్టుకుని అర్జీలు తీసుకునే చోటికి వెళితే పెట్రోలు కేంద్రం పరిధి అన్నారు, మిషను వ్యవసాయం వారి పరిధి అన్నారు, బంకు కంపెనీ పరిధి అన్నారు. పాడైన ఇంజను ఎవరి పరిధి అని అడిగితే ఎవరూ పలకలేదు. అందుకే ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2025 ఆగస్టు 4న మీ శాఖ ఇచ్చిన వివరణను ప్రింటు తీసి షెడ్డులో పెట్టుకున్నాను. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చు, అది పెద్ద ఖర్చు లేని పని, మామూలు సర్వీసింగులోనే అయిపోతుంది అని అందులో ఉంది. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే సందేహం. స్ప్రేయరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందండీ? అది రైతు వీపు మీద ఎక్కి సాళ్ల మధ్య తిరుగుతుంది. దానికి కిలోమీటర్ల మీటరు ఉండదు, ఆర్సీ ఉండదు, నంబరు ప్లేటు ఉండదు, ఫోను చేసి సర్వీసింగుకు రమ్మని గుర్తుచేసే షోరూమూ ఉండదు. ఎన్ని కిలోమీటర్లకు ఏ రబ్బరు మార్చాలో నేను ఏ లెక్కన చెప్పాలి? మేడికొండూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ ప్రశ్న విని, ‘సాలుకు ఇన్ని అడుగులని కొలుచుకుంటూ పోదాం లేరా’ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన మిషను పిస్టన్ అప్పటికే పట్టేసింది.

లోపల ఏమి జరుగుతుందో మీ దగ్గరి ఇంజనీర్లకు తెలుసు. అయినా నా బల్ల మీద కనిపించేది చెబుతాను. ఈ మిషన్లలో చాలా వరకు టూ స్ట్రోక్ ఇంజన్లు. వీటికి విడిగా ఆయిలు ట్యాంకు ఉండదు. లీటరు పెట్రోలులో 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపి పోస్తారు, ఇంజనుకు నూనె తగిలేది ఆ పెట్రోలు ద్వారానే. రైతు ఒకరోజు మందు కొట్టి, మిగిలిన పెట్రోలుతోనే మిషనును కొట్టంలో పెట్టేస్తాడు. మళ్లీ పది పదిహేను రోజులకో, పంట అయిపోతే ఆరు నెలలకో తీస్తాడు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మా ముసురు రోజుల్లో, మూత సరిగ్గా బిగియని డబ్బాలో, పైనుంచి నాలుగు చినుకులు కూడా పడితే, ఒక హద్దు దాటాక ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఆయిలు మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజను పీల్చేది అడుగు నుంచి. అంటే నూనె లేని నీళ్ల సారాతో ఇంజను తిరగాలి. తిరుగుతుందా? రింగులు పట్టేసి, బోరు గీతలు పడి, నా దగ్గరికి వస్తుంది.

అంత దాకా రానివాటి సంగతి వేరు. పెట్రోలు పైపు మెత్తబడి, పట్టుకుంటే చేతికి జిగురుగా తగులుతుంది. గడ్డి మిషన్ల కార్బురేటరులో డయాఫ్రమ్ అనే పలచటి పొర బిగుసుకుపోతుంది. ఫ్లోటు గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి, జెట్ రంధ్రంలో తుక్కు. ఇథనాల్ ఏళ్ల తరబడి ట్యాంకుకు అంటుకున్న మురికిని కడిగి తెచ్చి ఆ సూది రంధ్రంలో పేరుస్తుంది. ఇంకొకటి, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కొలతకు బిగించిన జెట్‌తో మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. కొత్త కార్లలో సెన్సారు చూసుకుని ఇంధనం సర్దుబాటు చేస్తుంది. కార్బురేటరుకు కళ్లు లేవు, మనం బిగించిన కొలతే దానికి తెలుసు.

షెడ్డుకు వచ్చిన ప్రతి మిషనునూ ఇథనాల్ ఖాతాలో రాయడం లేదు. ఆయిలు తక్కువ కలిపేవారు ఉన్నారు, ఏ నూనె పడితే ఆ నూనె పోసేవారు ఉన్నారు, కల్తీ ఉంది. కానీ అవి ముందూ ఉన్నాయి. ఈ జిగురు పైపులూ తెల్ల పొడీ ఇంతగా ముందు లేవు. గిరాకీ పెరిగితే నీకు మంచిదే కదా అని అడిగినవారూ ఉన్నారు. కొత్త సిలిండరు కిట్టు వేశాక డబ్బులు అడగబోతే, కౌలు రైతు ముఖం చూసి సగం వదిలేసే గిరాకీ అది.

మిరప సంగతి మీకు దూరం కావచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిరప తోటలను ఎలా ఊడ్చిపెట్టిందో మీ వ్యవసాయ శాఖ సహచరులను అడగండి. పువ్వులో పురుగు కనిపించిన రోజున మందు పడాలి. రేపు అనడానికి లేదు. ఆ రోజు తెల్లవారుజామున తాడు లాగి లాగి భుజం నొప్పి పుట్టినా మిషను అందుకోదు. మందు కొట్టే కూలీ ట్యాంకు లెక్కన డబ్బు తీసుకుంటాడు, ఎవరి మిషను అందుకుంటే వాళ్ల పొలానికి వెళ్లిపోతాడు. ఈ నష్టాన్ని మీరు ఏ శాతంలో కలుపుతారు? మైలేజీ తగ్గుదల ఈ10కు, అంటే పది శాతం కలిపిన పెట్రోలుకు తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లకు 1-2 శాతం, మిగిలినవాటికి 3-6 శాతం అని చెప్పారు. మోటారు సైకిలు మీద ఐదు శాతం తగ్గితే మా ఊరి ధరకు లీటరుకు సుమారు అయిదున్నర రూపాయలు. పోనివ్వండి, ఓర్చుకుంటాం. తామర పురుగుకు వదిలేసిన ఒక రోజుకు శాతం ఎంత?

ఆక్టేన్ (ఇంజనులో పెట్రోలు ముందే పేలకుండా తట్టుకునే గుణం) పెరుగుతుంది, పికప్ బాగుంటుంది అని కూడా అన్నారు. బాగుంది. మా స్ప్రేయరు పరుగు పందేనికి వెళ్లదండీ.

బ్యాటరీ స్ప్రేయరు కొనుక్కోమంటారేమో. నిండుగా ఎదిగిన మిరప తోటలో ఆకు అడుగు దాకా మందు తడవాలంటే ఆ ఒత్తిడి చాలదని, కొని పక్కన పెట్టిన రైతులే చెబుతారు. డ్రోన్లు వస్తున్నాయి, సంతోషం. వచ్చేదాకా ఏమిటి?

అన్నదాత ఊర్జాదాత, అంటే ఇంధనం ఇచ్చేవాడు, అవుతున్నాడని మీరు ప్రతి సభలో చెబుతారు. 2025 జూలై నాటికి పదకొండేళ్లలో 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారక ద్రవ్యం ఆదా అయిందని మీ శాఖే ప్రకటించింది. కాదనను. దుగ్గిరాల, తెనాలి వైపు వరి కోసిన మాగాణుల్లో మొక్కజొన్న వేస్తారు, దానికి ధర వస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. అయితే ఆ మొక్కజొన్నకు కత్తెర పురుగు పడితే మందు కొట్టేది ఈ మిషనుతోనే. ఇథనాల్ కోసం పండించే పంటను కాపాడుకునే మిషనును ఇథనాలే పాడుచేస్తుంటే, ఈ లెక్క ఎవరు సరిచూస్తారు?

మేము అడుగుతున్నది కొత్తదీ కాదు. 2021 జూన్‌లో మీ ప్రభుత్వమే విడుదల చేసిన రోడ్‌మ్యాప్‌లో, పాత వాహనాలకు రక్షణగా ఈ10 దొరుకుతూ ఉండాలని రాసుకున్నారు. మైలేజీ తగ్గుతుంది కాబట్టి వినియోగదారుడికి ధరలో ఊరట ఉండాలనీ రాసుకున్నారు. ఈ10 ఏదండీ? ఏ బంకులో ఉంది? ధర సంగతి అడిగితే ఇథనాలే ఖరీదైపోయింది, సగటున లీటరు 71 రూపాయల 32 పైసలు పడుతోందని 2025లో అన్నారు. చవకగా దొరికిన రోజుల్లో మాత్రం మాకేమి తగ్గించారు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆదా దేశానిది, ఖ్యాతి మీది, సిలిండరు కిట్టు ఖర్చు రైతుది.

బ్రెజిల్‌ను చూడమంటారు. చూశాం. అక్కడ 2003 నుంచే ఏ మోతాదునైనా తట్టుకునే కార్లు అమ్ముతున్నారు, జనానికి అలవాటు పడే వ్యవధి దొరికింది. మిగతా దేశాలను కూడా చూడండి మరి. బ్రిటన్ 2021 సెప్టెంబరులో పది శాతానికి వెళ్లినప్పుడు పాత బళ్ల కోసం ఐదు శాతం పెట్రోలును సూపర్ గ్రేడులో ఉంచింది. అమెరికాలో 15 శాతం కలిపిన పెట్రోలు పంపు మీద నారింజ రంగు చీటీ అంటించి, 2001కి ముందటి కార్లలో, మోటారు సైకిళ్లలో, పడవల్లో, పెట్రోలు పనిముట్లలో పోయడం నిషేధం అని రాస్తారు. అక్కడ పదిహేనుకే నిషేధించిన పనిముట్లలో ఇక్కడ ఇరవై పోయిస్తున్నారు, అదీ నేను చూసిన పంపుల మీద ఒక్క ముక్క రాయకుండా. ఈ మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2025 సెప్టెంబరు 1న పిటిషన్‌ను కొట్టేశారు. కోర్టు మాటకు తల వంచుతాం. కోర్టు కొట్టేసింది పిటిషన్‌ను, చీటీ అంటించవద్దని మీకేమీ చెప్పలేదు కదా.

ఇథనాల్ లేని పెట్రోలు ఉందిగా, 100 ఆక్టేన్ కొనుక్కోండి అంటారు. మామూలు పెట్రోలు కంటే చాలా ధర ఎక్కువ పెట్రోలు అది. ఖరీదైన బళ్ల కోసం పెట్టినది. మామూలు పెట్రోలుకే మా రాష్ట్రంలో 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఒక రూపాయి కట్టి 2025లోనే లీటరుకు 109 రూపాయలు దాటి చెల్లించాం. (ఇది మా రాష్ట్రం వారితో తేల్చుకోవలసిన మాట, వారికి ఇంకో ఉత్తరం రాస్తాను.) కొందరు రైతులు 95 ఆక్టేన్ ప్రీమియంలో ఇథనాల్ ఉండదనుకుని ఎక్కువ పెట్టి కొంటున్నారు. అందులోనూ ఉంటుంది. ఆ సంగతి వారికి చెప్పవలసింది బంకు, చెబుతున్నది నేను. నేను అడిగిన బంకుల్లో 100 ఆక్టేన్ లేదు. సీసా పట్టుకుని వెళ్లిన రైతుకు మామూలు పెట్రోలు పోయడానికే కొన్ని చోట్ల ఒప్పుకోరు.

పాత స్కూటర్లు, మోపెడ్లు, ఆర్‌ఎక్స్ 100లు నడిపేవారి బాధ వారే రాస్తారు, వారికి గొంతు ఉంది. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. నేను స్ప్రేయర్ల గురించే ఇంత రాయడం ఎందుకంటే, మీ శాఖ వివరణల్లో నేను చదివినంతలో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు.

కాబట్టి అయ్యా, ఇథనాల్ కలపని మామూలు పెట్రోలు, మామూలు ధరకు, మాకు అందేలా చూడండి. ప్రతి బంకులో కుదరదంటే మిరప యార్డు చుట్టుపక్కల, సత్తెనపల్లి, ప్రత్తిపాడు వంటి చోట్ల కొన్ని బంకుల్లో ఒక్క పంపు పెట్టించండి. అదీ కుదరదంటే ఎరువుల కొట్లలో, సహకార సంఘాల్లో సీలు వేసిన డబ్బాల్లో అమ్మించండి. అసలు కలపకుండా కుదరదంటే ఐదు శాతమైనా, పదైనా సరే, ఇరవై మాత్రం వద్దు. పంపు మీద ఎంత కలిపారో తెలుగులో రాయించండి. చిన్న ఇంజన్లను మీ పరీక్షా కేంద్రాల్లో నడిపి చూసి, ఏ రబ్బరు నిలుస్తుందో, ఏది నిలవదో మాలాంటి మెకానిక్‌లకు చెప్పించండి. కనీసం పెట్రోలు ఎన్నాళ్లు నిలవ ఉంచవచ్చో ఒక కాగితం అయినా పంపండి. ఇథనాల్ కలపని పెట్రోలు ఇప్పించండి, మళ్లీ అడుగుతున్నాను, అదొక్కటి ఇస్తే మిగతావన్నీ మానేసినా ఊరుకుంటాం.

ఆగస్టులో మిరప నాట్లు మొదలవుతాయి. మొదటి మందు ఆ వెంటనే పడుతుంది. మీ జవాబు ఆలోగా రావాలి.

ఇట్లు,
స్ప్రేయర్ల మెకానిక్,
ఏటుకూరు రోడ్డు, గుంటూరు.