కంటోన్మెంటు వాసుల ఓటు ఏ జాబితాలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

కేంద్రం నిధులు ఇవ్వడం లేదని రాష్ట్ర మంత్రులు, ఇచ్చిన నిధులకు లెక్క చెప్పడం లేదని కేంద్ర మంత్రులు చేసుకుంటున్న విమర్శలు మీ పత్రికలో తరచూ చదువుతున్నాము. ఎవరు ఎవరిని ఎంత మాట అన్నారో ఆ వార్తల్లో తెలుస్తోంది గాని, తగవులో ఉన్న పని రాజ్యాంగం ప్రకారం ఎవరి పరిధిలోదో, దానికి డబ్బు పెట్టవలసింది ఎవరో పాఠకుడికి తెలియడం లేదు. సైనిక స్థావరం చుట్టూ ఏర్పడి రక్షణ శాఖ కింద ఉండే సికింద్రాబాద్ కంటోన్మెంటు ప్రాంతంలో ఉండేవాడిని కావడం వల్ల ఈ రెండు ప్రశ్నలూ నాకు రోజూ ఎదురవుతాయి. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

రాజ్యాంగం 246వ అధికరణం, ఏడో షెడ్యూలు కలిసి చట్టాలు చేసే అధికారాన్ని మూడు జాబితాలుగా పంచాయి. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రైల్వేలు, కరెన్సీ వంటివి కేంద్రానికి, పోలీసు, ప్రజారోగ్యం, వ్యవసాయం, భూమి వంటివి రాష్ట్రానికి దక్కాయి. ఉమ్మడి జాబితాలోని అంశాల మీద ఇద్దరూ చట్టాలు చేయవచ్చు గాని, ఆ రెండింటికీ పొంతన కుదరనప్పుడు 254వ అధికరణం ప్రకారం సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. ఏ జాబితాలోనూ చేరనివి కేంద్రానివే. మొదటి నుంచీ కేంద్రం వైపు మొగ్గు ఉన్న పంపకమే ఇది. ఆ మొగ్గు 1976లో 42వ సవరణతో ఇంకా పెరిగింది. విద్య, అడవులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది అప్పుడే. మన పిల్లలకు రాష్ట్రం పెట్టే ఎంసెట్ పరీక్ష ద్వారా వచ్చిన వైద్య సీట్లు 2017 నుంచి దేశమంతటికీ ఒకటిగా పెట్టే నీట్ ద్వారా వస్తున్నాయంటే, వైద్య విద్య మీద ఆఖరి మాట ఎవరిదో ఆ మార్పులోనే తెలుస్తుంది.

ఇవన్నీ చాలామందికి తెలిసినవే. కేంద్ర జాబితాలోని మూడో అంశాన్ని మాత్రం కంటోన్మెంటు బయట ఉండేవారు పట్టించుకుని ఉండరు. కంటోన్మెంటుల సరిహద్దులు, అక్కడి స్థానిక స్వపరిపాలన, ఆఖరికి ఇళ్ల అద్దెల నియంత్రణ కూడా పార్లమెంటు పరిధిలోవని అది చెబుతుంది. మిగతా చోట్ల స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలోని ఐదో అంశం. ఈ రెండు అంశాల మధ్య గీత మా రోడ్ల మీదుగా పోతుంది. ఒక వరుస ఇళ్లవారు రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన నగరపాలక సంస్థకు ఆస్తి పన్ను కడితే, ఎదురు వరుసవారు 2006 నాటి కేంద్ర చట్టం కింద నడిచే కంటోన్మెంటు బోర్డుకు కడతారు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చే నిబంధనలు అటు వేరు, ఇటు వేరు. దొంగతనం జరిగితే మాత్రం రెండు వైపులకూ వచ్చేది రాష్ట్ర పోలీసులే. నీళ్ల సంగతి మరీ విచిత్రం: రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన జలమండలి, కంటోన్మెంటు బోర్డుకు టోకున నీరు అమ్ముతుంది, బోర్డు దాన్ని ఇళ్లకు పంచుతుంది. కుళాయి రాని రోజున లోపం ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికే సగం పూట పడుతుంది.

రాజీవ్ రహదారి మీద, నాగపూర్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లు కట్టడానికి రక్షణ శాఖ భూములు కావాలని రాష్ట్రం ఏళ్ల తరబడి అడిగితే, 2024 మార్చిలో గాని అంగీకారం రాలేదు. భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశమే అయినా, కేంద్రం ఆస్తి కేంద్ర జాబితాలో 32వ అంశం. ఆ ఏళ్లన్నీ ఆ రోడ్ల మీద ట్రాఫిక్‌లో నిలబడ్డవారికి ఈ రెండు అంకెలూ ఎవరూ చెప్పలేదు. జాప్యానికి కారణం మీరంటే మీరని రెండు పక్షాలూ నెపం నెట్టుకోవడమే విన్నారు.

ఇంతకన్నా నన్ను బాధించేది ఓటు సంగతి. సికింద్రాబాద్ కంటోన్మెంటు బోర్డుకు 2015 జనవరి తర్వాత ఎన్నికలు జరగలేదు. పాలకవర్గం గడువు ముగిశాక కొన్నాళ్లు పొడిగించారు. 2021 నుంచి సైనికాధికారి అధ్యక్షతన, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌర సభ్యుడు ఉన్న బోర్డు నడుస్తోంది. 2023 ఏప్రిల్ 30న దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఎన్నికలు జరుపుతామని ముందుగా ప్రకటించి, ఆ మార్చిలోనే రద్దు చేశారు. పౌర నివాస ప్రాంతాలను నగరపాలక సంస్థలో కలిపే ఆలోచన ఉందన్నది అప్పటి నుంచీ వినిపిస్తున్న సమాధానం. ఆ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్‌లో 2023లోనే కంటోన్మెంటును రద్దు చేశారు. కలిపేది ఉంటే తేదీ చెప్పాలి, లేకపోతే ఎన్నికలు పెట్టాలి. రెండూ లేకుండా పన్ను మాత్రం కట్టించుకోవడం ఏ జాబితా ప్రకారం న్యాయమో కేంద్రమే చెప్పాలి.

ఇది చదివి రాష్ట్ర ప్రభుత్వాన్ని సమర్థించేవారు సంతోషించనవసరం లేదు. తెలంగాణ గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుకు ముగిస్తే, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. అయిదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని 243ఇ అధికరణం స్పష్టంగా చెబుతున్నా, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులతో నడిపారు. బీసీ రిజర్వేషన్ల పెంపు కోసం ఆగామన్నది ప్రభుత్వం వాదన. ఆ లక్ష్యం మంచిదే కావచ్చు గాని, ఎన్నికైన పాలకవర్గాలు లేనందువల్ల ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయి నష్టపోయింది పల్లెలే. నగరంలో కూడా అంతే. పట్టణ ప్రణాళిక, మంచినీటి సరఫరా పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాల్లో ఉన్నా, హైదరాబాద్‌లో మొదటిది మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చేతిలో, రెండోది జలమండలి చేతిలో ఉన్నాయి. రెండూ రాష్ట్రం నడిపే సంస్థలే. కార్పొరేటర్‌ను గెలిపించి మనం అడగగలిగేది వీధి దీపాలు, చెత్త బండి గురించే. పైవాడు తనకు చేశాడని రాష్ట్రం ఏ పనిని తప్పుపడుతోందో, అదే పని కిందివాడికి తాను చేస్తోంది.

1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు రాంలాల్ బర్తరఫ్ చేసిన రోజులు ఈ నగరంలో పెద్దవారికి జ్ఞాపకం. నెల రోజులకే ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రభుత్వాలను అంత బాహాటంగా దించడం ఇవాళ తేలిక కాదు. రాష్ట్రపతి పాలన విధింపుకు బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు హద్దులు గీసింది. అందుకే ఇప్పుడు కేంద్రం పట్టు డబ్బు ద్వారా సాగుతోందని నా అభిప్రాయం. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే వాటాలో 14వ ఆర్థిక సంఘం తెలంగాణకు 2.437 శాతం ఇస్తే, 15వది 2021–26 కాలానికి 2.102 శాతం ఇచ్చింది. తలసరి ఆదాయం ఎక్కువ ఉన్న రాష్ట్రానికి వాటా తగ్గడం సంఘం పెట్టుకున్న సూత్రం ప్రకారం జరిగింది కాబట్టి, దాన్ని వివక్ష అనడానికి నేను సిద్ధంగా లేను. పన్నుల మీద కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీల సంగతి వేరు. 270వ అధికరణం ప్రకారం వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసే సుంకంలో అధిక భాగం ఈ రూపంలోనే ఉంది. బంకులో కట్టేది మనమే అయినా ఆ భాగం పంపకానికి రాదు. తర్వాత అదే సొమ్ము ఏదో పథకం పేరుతో తిరిగి వచ్చినప్పుడు దాని మీద ఎవరి బొమ్మ వేయాలన్న గొడవ మొదలవుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈ వ్యవహారం, ఇద్దరి తీరూ చూస్తే.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. కేంద్ర, రాష్ట్ర వివాదం మీద వార్త వేసినప్పుడల్లా, ఆ పని ఏ జాబితాలో ఎన్నో అంశమో, అందులో ఎవరు ఎంత డబ్బు పెట్టాలో, ఇప్పటివరకు ఎంత పెట్టారో పక్కనే ఒక చిన్న పెట్టెలో ప్రచురించండి. మన నగరంలో తిరిగే లోకల్ రైళ్ల పథకం ఎంఎంటీఎస్ రెండో దశ వ్యయంలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్న ఒప్పందం ఎంతమంది ప్రయాణికులకు తెలుసు? తెలిస్తే ఆలస్యానికి ఎవరిని నిలదీయాలో వారే నిర్ణయించుకుంటారు. కంటోన్మెంటు విలీనం మీద రక్షణ శాఖ, రాష్ట్ర పురపాలక శాఖ ఇప్పటిదాకా రాసుకున్న లేఖలను సమాచార హక్కు కింద తెప్పించి ప్రచురించగలిగితే, ఇక్కడ లక్షలాదిగా ఉన్న పౌరుల తరఫున మొదటి పని మీరు చేసినట్టవుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తిరుమలగిరి, సికింద్రాబాద్