పెర్పెతువ తన చేత్తో రాసిన పేజీలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మార్చి 7 పునీత పెర్పెతువ, ఫెలిసితల పండుగ. ఆ వారం 8, 9 తరగతుల పిల్లలు మోరల్ సైన్స్ పీరియడ్లలో వారి గురించి చదువుతారు.

విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల చరిత్రలు చాలావరకు వాళ్లు పోయాక ఇతరులు రాసినవే. పెర్పెతువది అలా కాదు. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో, అంటే నేటి ట్యునీషియాలో, క్రైస్తవురాలైనందుకు జైల్లో ఉండగా తన సంగతులు తానే రాసుకుంది. ఆ లాటిన్ గ్రంథంలో 21 భాగాలున్నాయి. 3 నుంచి 10 దాకా ఆమెవి, 11 నుంచి 13 దాకా ఆ ఖైదీలకు క్రైస్తవ బోధ నేర్పిన ఉపదేశి సాతూరుస్‌వి, మిగతావి సంకలనం చేసిన వ్యక్తివి. ఏ మాట ఎవరిదో గుర్తించడమే మా మొదటి పాఠం.

ఆమెకు అప్పుడు సుమారు 22 ఏళ్లు. కలిగిన ఇంటి బిడ్డ, చదువుకుంది, చంటిబిడ్డ తల్లి. చీకటి కొట్టు, ఉక్కపోత, పాల్లేక నీరసించిపోతున్న బిడ్డ: ఇవన్నీ రాసింది. తెర్తియుస్, పొంపోనియుస్ అనే ఇద్దరు డీకన్లు (సంఘ పరిచారకులు) కాపలావాళ్లకు డబ్బిచ్చి, కొన్ని గంటలైనా ఖైదీలను మంచి చోటికి మార్పించారు. బిడ్డను తన దగ్గరే ఉంచుకోనిచ్చాక ఆ జైలే ఆమెకు రాజభవనమైంది.

చిన్న తరగతులకు మాత్రం ఒక్క ఘట్టమే చెబుతాం. విశ్వాసం వదులుకోమని తండ్రి బతిమాలుతుంటే ఆమె పక్కనున్న కూజా చూపించి, “నాన్నా, దీన్ని ఇంకో పేరుతో పిలవగలమా?” అంది. లేదన్నాడాయన. “నేనూ అంతే, క్రైస్తవురాలిని కాక ఇంకేమీ అనలేను” అంది. టీచరు బల్లమీద మట్టి కూజా పెట్టి, ఇదేమిటని అడిగి కథ మొదలుపెడతారు. తండ్రిని మాత్రం దుర్మార్గుడిగా చెప్పవద్దని టీచర్లకు చెప్పాం. నెరిసిన తలతో కూతురి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్లమీద పడి ఏడ్చాడాయన. విచారించిన అధికారి ఆయన్ను కర్రతో కొట్టించినప్పుడు ఆ దెబ్బ తనకే తగిలినట్టయిందని ఆమే రాసింది.

ఇంట్లో కథ చెప్పేటప్పుడు తరచూ దొర్లే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు కారు. ఫెలిసిత బానిస, ఎనిమిదో నెల గర్భిణి. గర్భిణులకు మరణశిక్ష అమలు చేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి తోటివారినుంచి విడిపోతానేమోనని బెంగపడింది. జైల్లోనే ఆడపిల్లను కంది, ఆ పాపను ఒక విశ్వాసి పెంచింది. ఇంకొకటి, పెర్పెతువను సింహం చంపలేదు. ఆ ఇద్దరి మీదికి వదిలింది పొగరుబోతు ఆవును, చివరికి చంపింది కత్తితో. ఆవు ఎత్తిపడేశాక ఆమె ముందు చిరిగిన బట్ట సర్దుకుంది, తర్వాత పిన్ను వెతికి జుట్టు ముడేసుకుంది. విరబోసిన జుట్టు శోకానికి గుర్తు, అది శోకించే రోజు కాదని ఆమె నమ్మకం. రక్తం వివరాలు చిన్నపిల్లలకు వద్దు, ఈ జుట్టు సంగతి చాలు.

మార్చి 7 దాదాపు ఎప్పుడూ ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలోనే వస్తుంది. అందుకే ఆనాటి పూజలో వారిని స్మరించే ప్రార్థన చేర్చినా, పూజ చేసే గురువులు (ఫాదర్లు) తపస్సుకాలపు ఊదారంగు వస్త్రాలే వేసుకుంటారు. వేదసాక్షుల పండుగైతే ఎరుపు ఎందుకు లేదని పిల్లలడిగితే ఈ కారణం చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని